పొరల దొంతరలో దాగిన తగవు

ఏదైనా కొత్త పనిముట్టు లోకం ముందుకు వచ్చినప్పుడు, దాని లోగుట్టు విప్పి చూసినవారిలో పలువురు "ఓస్, ఇంతేనా!" అని తేల్చివేయడం పరిపాటి. పొడుపు కథకు విడుపు తెలిసిన పిమ్మట అది ఎవరికైనా తోచేదే అనిపించడం వంటిది ఇది. అరుగు మీద కూర్చుండి అన్నంతవరకు ఆ మాట వల్ల ఎవరికీ నష్టం లేదు. అదే మాటను న్యాయస్థానంలో ప్రతివాది తరపు వకీలు అన్నప్పుడు మాత్రం, ఏండ్ల తరబడి సాగిన కృషీ, దానిపై రావలసిన రాబడీ ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంటవి. ఒక రంగంలో సామాన్యమైన నైపుణ్యం గల వ్యక్తికి, అప్పటికే తెలిసియున్న సంగతుల నుండి సులభంగా తోచేదానికి పేటెంటు ఇవ్వరాదని దాదాపు అన్ని దేశాల చట్టాలూ చెబుతున్నవి. అయితే సులభంగా తోచడమంటే ఏమిటి? ఎవరికి తోచాలి? ఏనాటికి తోచాలి? ఈ ప్రశ్నలను విచారించడానికి మేము ఒక ప్రత్యేక వస్తువును ఎన్నుకొన్నాము. అది అతి పలుచని లోహపు పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి చేసిన అయస్కాంత సెన్సారు. దానిని ఎన్నుకోవడానికి కారణమున్నది. అందులో ఏ పొరను విడిగా చూసినా పాత లోహమే. ఇనుము పాతది, రాగి పాతది, క్రోమియం పాతది. కొత్తదనమంతా కూర్పులోనే ఉన్నది. అటువంటి చోటనే "ఇంతేనా" అన్న మాటకు బలం ఎక్కువ.

ముందుగా మాటల విషయం ఒకటి చెప్పవలసి ఉన్నది. దావా, వకీలు, అర్జీ, హక్కు, రద్దు – ఇట్లా మన న్యాయస్థానాల మాటలలో పెద్ద భాగం ఉర్దూ, ఫారసీల నుండి తెలుగులోనికి వచ్చి స్థిరపడినవే. పేటెంటు వ్యాజ్యాలలోని కీలక పదానికి మాత్రం రెండు భాషలలోనూ నలుగురి నోట నలిగిన మాట ఇంకా ఏర్పడలేదు. "జాహిర్" అన్నా, "సుస్పష్టం" అన్నా కంటికి కనబడే సంగతి అన్న అర్థమే ముందు స్ఫురిస్తుంది. ఇక్కడ కావలసినది బుద్ధికి తోచే సంగతి. కనుక మేము ఈ వ్యాసంలో "తేటతెల్లం" అన్న మాటను వాడుతున్నాము. తేటతెల్లం కానిది మాత్రమే ఆవిష్కరణ అనిపించుకొంటుంది.

ఇక వస్తువు సంగతి. అయస్కాంత క్షేత్రంలో ఉంచినప్పుడు ఇనుము, నికెల్ వంటి లోహాల విద్యున్నిరోధం కొద్దిగా మారుతుందని విలియం థామ్సన్, అనగా తరువాతి కాలపు లార్డ్ కెల్విన్, 1857లో కనుగొన్నాడు. ఆ మార్పు నూటికి రెండు మూడు పాళ్ళకు మించినది కాదు. అటు తరువాత సుమారు 130 సంవత్సరాల పాటు అయస్కాంతం వల్ల లోహపు నిరోధంలో కలిగే మార్పు స్వల్పమేనన్న అభిప్రాయం స్థిరంగా నిలిచిపోయినది. కంప్యూటరులలోని హార్డు డిస్కు మీద వ్రాసిన సమాచారాన్ని చదివే శీర్షాలలో కూడా 1990 దశకం తొలినాళ్ళలో ఈ స్వల్పమైన మార్పునే ఉపయోగించుకొన్నారు.

1988లో ఈ నమ్మకం చెదరిపోయినది. ఫ్రాన్సులో ఆల్బర్ట్ ఫెర్ట్ బృందం ఇనుమునూ క్రోమియమునూ మార్చి మార్చి డజన్ల కొద్దీ పొరలుగా పేర్చినది. ఆ క్రోమియం పొర మందం 0.9 నానోమీటరు మాత్రమే. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. కనుక ఆ పొరలో ఉన్నవి కొద్ది వరుసల పరమాణువులే. ద్రవ హీలియం చలిలో బలమైన అయస్కాంత క్షేత్రాన్ని ప్రయోగించగా ఆ దొంతర నిరోధం దాదాపు సగానికి పడిపోయినది. ఇంచుమించు అదే కాలంలో జర్మనీలోని యూలిష్ పరిశోధనా కేంద్రంలో పీటర్ గ్రూన్‌బర్గ్ మూడే మూడు పొరలతో – ఇనుము, క్రోమియం, మరల ఇనుము – గది ఉష్ణోగ్రత వద్దనే ఒకటిన్నర శాతం మార్పును చూపినాడు. అంకె చిన్నదే అయినా మూడు పొరలకే అంత మార్పు రావడం విశేషం. ఇద్దరికీ కలిపి 2007లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది.

ఈ మార్పు ఎందుకు కలుగుతుందో క్లుప్తంగా చెబుతాము. ప్రవాహంలో పోయే ఎలక్ట్రానులకు "స్పిన్" అనే గుణం ఉన్నది. దానిని బట్టి అవి రెండు జాతులు. ఒక జాతివి ఇనుప పొర అయస్కాంత దిశకు అనుకూలమైనవి, అవి సాఫీగా సాగిపోతవి. రెండవ జాతివి ప్రతికూలమైనవి, అవి అడుగడుగునా ఢీకొని చెదరిపోతవి. ఒక ఊరేగింపు రెండు ద్వారాల గుండా పోవలసి ఉన్నదనుకొందాము. రెండు ద్వారాలూ ఒకే జాతివారికి దారి ఇచ్చేవైతే ఆ జాతివారందరూ ఆటంకం లేక రెండింటినీ దాటిపోతారు. మొదటి ద్వారం ఒక జాతికి, రెండవది మరొక జాతికి దారి ఇచ్చేవైతే ప్రతివారూ ఏదో ఒక చోట చిక్కుకొంటారు. రెండు ఇనుప పొరల అయస్కాంత దిశలు పరస్పర విరుద్ధంగా ఉన్నప్పుడు నిరోధం ఎక్కువగానూ, బయటి క్షేత్రం ఆ రెండింటినీ ఒకే వైపునకు తిప్పినప్పుడు తక్కువగానూ ఉండడానికి కారణం ఇదే. నడుమ ఉన్న క్రోమియం తగిన మందంలో ఉన్నప్పుడు రెండు ఇనుప పొరలనూ ఎదురెదురు దిశలలో నిలిపి ఉంచుతుంది. ఈ సంగతిని గ్రూన్‌బర్గ్ బృందం 1986లోనే ప్రకటించినది.

ఇప్పుడు వకీలు మాట వినండి. ఇనుము తెలుసు, క్రోమియం తెలుసు. క్రోమియం నడుమనుంటే ఇనుప పొరలు ఎదురెదురుగా నిలుస్తవని 1986లోనే తెలుసు. స్పిన్‌ను బట్టి ఎలక్ట్రానులు రెండు ప్రవాహాలుగా పోతవన్న సిద్ధాంతం మాట్ అనే శాస్త్రజ్ఞుడు 1936లో ప్రతిపాదించినదే. పరమాణువుల వరుసలను ఒక్కొక్కటిగా పేర్చే యంత్రాలు 1970 దశకం నుండీ ఉన్నవి. ఇవన్నీ బల్ల మీద పరచి పెట్టితే వీటిని కలపడంలో ప్రజ్ఞ ఏమున్నదని ఆయన అడుగుతాడు. ఈ వాదం వినడానికి బలంగానే ఉంటుంది. అయితే దీనిలోని మోసం ఒక్కటే. ఆ సంగతులనే ఏరి, ఆ వరుసలోనే బల్ల మీద పెట్టినవాడు ముందుగా జవాబు తెలిసినవాడు. 1987లో ఒక ప్రయోగశాలలో కూర్చున్న నిపుణుని ముందు ఇవి నాలుగే లేవు, వేలకు వేల సంగతులు ఉండినవి. వాటిలో ఏ నాలుగింటిని ఏరుకోవాలో అతనికి చెప్పినవాడు లేడు. పైగా ఏరుకొని కలిపినా నిరోధం సగానికి పడిపోతుందని అనుకొనే ఆధారం కెల్విన్ నాటి నుండి వచ్చిన అనుభవంలో ఎక్కడా లేదు.

గ్రూన్‌బర్గ్ మరొక జాగ్రత్త తీసుకొన్నాడు. ఫలితాన్ని పత్రికలో ప్రకటించకముందే, 1988 జూన్‌లో, జర్మనీలో పేటెంటుకు దరఖాస్తు దాఖలైనది. అమెరికాలో 4,949,039 సంఖ్య గల పేటెంటు 1990 ఆగస్టులో మంజూరైనది. ఐ.బి.ఎం. వంటి సంస్థలు యూలిష్ కేంద్రం వద్ద లైసెన్సు తీసుకొన్నవి. ముందే అచ్చులో ప్రకటించి ఉంటే ఐరోపాలో ఆ హక్కు చేజారి ఉండేది. పరిశోధన చేసే విద్యార్థులు ఈ తేదీల క్రమాన్ని ఒకసారి గమనించడం మంచిది.

చట్టం ఈ "తేటతెల్లం" అన్న భావాన్ని ఒక్కరోజులో తెచ్చుకోలేదు. అమెరికా సుప్రీంకోర్టు ముందుకు 1851లో తలుపు పిడుల వ్యాజ్యం ఒకటి వచ్చినది. అంతకుముందు కొయ్యతోనో లోహంతోనో చేసే పిడిని ఒకరు పింగాణితో చేసి పేటెంటు పొందినారు. పదార్థాన్ని మార్చడం నేర్పరియైన పనివాని పనియే గాని ఆవిష్కర్త పని కాదని కోర్టు దానిని తోసిపుచ్చినది. 1952లో ఈ నియమం అమెరికా చట్టంలోనికి ఎక్కినది. ఆవిష్కరణ దీర్ఘకాల శ్రమ వల్ల వచ్చినదా, మెరుపులా తోచినదా అన్నదానిని బట్టి పేటెంటును కాదనరాదని కూడా ఆ చట్టమే చెప్పినది. ఈ వాక్యం మా దృష్టిలో చాలా న్యాయమైనది. ప్రయోగశాలలో చెమటోడ్చినవానిని మేధావి కాడన్న నెపంతో త్రోసివేయడం తగదు గదా!

1966లో అదే కోర్టు ఒకే రోజున చెప్పిన రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి నాగలి కర్రు భాగానికి సంబంధించినది. గ్రాహం పేరుతో ప్రసిద్ధమైన ఆ తీర్పులో కోర్టు విచారణ మార్గాన్ని ఏర్పరచినది: ముందు ఏమి తెలుసో చూడు, తెలిసినదానికీ ఆవిష్కరణకూ తేడా ఎంతో చూడు, ఆ రంగంలో సామాన్య నైపుణ్యపు స్థాయి ఏమిటో చూడు. వీటితో పాటు, ఎంతోకాలంగా తీరని అవసరం ఏదైనా దీనివల్ల తీరినదా, ఇతరులు ప్రయత్నించి విఫలులైనారా, బజారులో దీనికి ఆదరణ లభించినదా అన్న బయటి సాక్ష్యాన్ని కూడా విస్మరించవద్దన్నది. ఆ నాగలి పేటెంటు మాత్రం నిలువలేదు. రెండవ తీర్పు ఆడమ్స్ అనే వ్యక్తి చేసిన బ్యాటరీ గురించినది. మెగ్నీషియం తెలిసినదే, క్యూప్రస్ క్లోరైడు తెలిసినదే. ఈ రెండింటినీ కలిపి మామూలు నీరు పోస్తే చాలు, అది పనిచేసినది. సైన్యపు నిపుణులు మొదట నమ్మలేదు. నిపుణులే నమ్మలేనిది వారికి తేటతెల్లం ఎట్లా అవుతుంది? ఆ పేటెంటు నిలిచినది. పాత ద్రవ్యాలే అయినా వాటి కలయికలో ఎవరూ ఊహించని ఫలితం ఉన్నప్పుడు చట్టం దానిని ఆవిష్కరణగా గౌరవిస్తుందన్నది ఇందులోని సారం. పొరల సెన్సారుల పక్షాన వాదించేవారికి ఆడమ్స్ బ్యాటరీ అంతటి అండ మరొకటి లేదని మా అభిప్రాయం.

అయితే కాలం గడిచిన కొద్దీ ఊహించనిది ఊహించదగినదిగా మారుతుంది. పొరల శాస్త్రంలో ఈ మార్పు ఆశ్చర్యకరమైన వేగంతో వచ్చినది. ఫెర్ట్ వాడిన యంత్రం ఖరీదైనది, నెమ్మదైనది. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన స్టువర్ట్ పార్కిన్ స్పట్టరింగ్ అనే చౌకైన, త్వరితమైన పద్ధతితో చేసిన పొరలలో కూడా అదే ప్రభావం కనబడుతుందని 1990లో చూపినాడు. నడిమి పొర మందాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ఇరువైపుల పొరలు ఒకసారి ఎదురెదురుగా, ఒకసారి ఒకే వైపుగా, మరల ఎదురెదురుగా తిరుగుతవని కూడా కనుగొన్నాడు. అటు తరువాత మూలకాల పట్టికలోని లోహాలను ఒక్కొక్కటే నడుమ పెట్టి చూసినాడు. ఆ పరిశీలనల వల్ల శాస్త్రానికి ఎంతో మేలు జరిగినది. పేటెంటు కోరేవారికి మాత్రం చిక్కు వచ్చిపడినది. పట్టిక ముందుంచుకొని వరుసగా పరీక్షించడం అందరికీ తెలిసిన పద్ధతి అయిన తరువాత, అందులో ఒక లోహం బాగా పనిచేసినదని చెప్పేవానిది ఆవిష్కరణయా, మామూలు పరీక్షయా?

ఒక ఉదాహరణను కొంచెం నిదానంగా చూద్దాము. 1991లో ఐ.బి.ఎం. బృందం "స్పిన్ వాల్వు" అనే దొంతరను ప్రకటించినది. దానిలో ఒక పొర అయస్కాంత దిశ బయటి క్షేత్రానికి లోబడి స్వేచ్ఛగా తిరుగుతుంది. నడుమ రాగి పొర ఉంటుంది. అవతలి అయస్కాంత పొర మాత్రం, దానిని ఆనుకొని ఉన్న ఇనుము-మాంగనీసు మిశ్రమం పట్టి ఉంచడం వల్ల, కదలక నిలిచి ఉంటుంది. కొలిచే క్షేత్రం చిన్నదైనా స్వేచ్ఛగా ఉన్న పొర తిరిగిపోతుంది గనుక డిస్కు చదవడానికి ఇది ఎంతో అనువైనది. 1997లో ఐ.బి.ఎం. విడుదల చేసిన 16.8 గిగాబైట్ల డిస్కులో ఈ జాతి శీర్షం బజారుకు వచ్చినది. కాని స్థిరంగా నిలిచిన పొర కూడా అయస్కాంతమే గనుక దాని ప్రభావం స్వేచ్ఛగా ఉన్న పొర మీద పడి దానిని పక్కకు లాగుతుంది. దీనికి విరుగుడుగా స్థిరమైన పొర స్థానంలో రెండు కోబాల్టు పొరలను పెట్టి, వాటి నడుమ రుథీనియం అనే లోహాన్ని ఒక నానోమీటరు కన్న పలుచగా ఉంచినారు. ఆ రెండు కోబాల్టు పొరలూ ఎదురెదురుగా నిలిచి, ఒకదాని బయటి ప్రభావాన్ని మరొకటి రద్దు చేస్తవి.

ఇది తేటతెల్లమా? స్పిన్ వాల్వు 1991లో అచ్చయినది. కోబాల్టు నడుమ రుథీనియం ఏమి చేస్తుందో 1990లోనే అచ్చయినది. రెండు వ్యాసాలూ ఒకే గ్రంథాలయంలో, బహుశః ఒకే బీరువాలో ఉండినవి. రెండింటినీ చదివిన నిపుణుడు కలిపి చూడడా అని ఒక పక్షం అంటుంది. మొదటి వ్యాసం రాసినవారికి రెండు పొరలు ఎదురెదురుగా బిగుసుకొనకుండా చేయడమే లక్ష్యం, అందుకే వారు మందమైన రాగిని నడుమ ఉంచినారు. బిగింపును తప్పించుకొన్న చోటికే బిగింపును మరల తేవాలని ఎవరికి తోచును అని రెండవ పక్షం అంటుంది. మాకు రెండవ వాదంలో పస ఎక్కువ కనబడుతున్నది. ఐరోపా పేటెంటు కార్యాలయంలో ఇట్టి సందర్భంలో అడిగే ప్రశ్న చక్కనిది. నిపుణుడు అట్లా చేయగలిగి ఉండేవాడా అన్నది కాదు ప్రశ్న. ఎదుట ఉన్న చిక్కును తీర్చుకొనడానికి అతడు అట్లా చేసి ఉండేవాడా అన్నది ప్రశ్న. చేయగలగడానికీ, చేసి ఉండడానికీ నడుమ ఉన్న దూరమే ఆవిష్కరణ.

2007 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఈ దూరాన్ని తగ్గించినది. కె.ఎస్.ఆర్. కేసుగా పేరుపొందిన ఆ వ్యాజ్యంలోనూ తగవు ఒక సెన్సారు గురించే. మోటారు కారులో ముందుకు వెనుకకు జరుపుకొనగల పెడలు తెలిసినదే, ఎలక్ట్రానిక్ సెన్సారు తెలిసినదే. ఈ రెండింటినీ ఒకచోట బిగించడమే ఆవిష్కరణ అని టెలిఫ్లెక్స్ సంస్థ వాదించినది. అంతకుముందు అప్పీలు కోర్టులో ఒక ఆనవాయితీ ఉండేది. పాత సంగతులను కలపమని పాత రచనలలోనో, నిపుణుల పరిజ్ఞానంలోనో ఏదైనా సూచన ఉంటేనే ఆ కలయికను తేటతెల్లం అనేవారు. ఈ నియమాన్ని మరీ బిగించి పట్టుకొనరాదని సుప్రీంకోర్టు అన్నది. సామాన్య నిపుణునికి కూడా సామాన్యమైన ఊహ ఉంటుంది, అతడు యంత్రం కాడు అన్నది కోర్టు భావం. తెలిసిన వస్తువులు తెలిసిన పనినే చేస్తూ ఊహించదగిన ఫలితాన్నే ఇస్తే ఆ కలయికకు పేటెంటు ఇవ్వడం కష్టం. పరీక్షించదగిన మార్గాలు కొద్దిపాటివై, ఫలితం ఊహకు అందేదైతే, పరీక్షించి చూడడమే తేటతెల్లం కావచ్చును. పొరల శాస్త్రానికి నోబెల్ బహుమతి ప్రకటించినది ఆ సంవత్సరమే, ఆరు నెలల తరువాత!

ఈ కొత్త గాలి వీచిన కొద్ది కాలానికే పొరల సెన్సారుల వ్యాజ్యం ఒకటి జ్యూరీ ముందుకు వచ్చినది. జర్మనీకి చెందిన సీమెన్స్ సంస్థ, పొరల దొంతరతోనూ కొలత సంధానాల అమరికతోనూ కూడిన సెన్సారుకు పేటెంటు పొంది, డిస్కులు తయారుచేసే సీగేట్ సంస్థపై 2006లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా వేసినది. అమెరికాలో ఆ పేటెంటు 1997లో మంజూరైనది. దాని తొలి దరఖాస్తు 1992 నాటిది, అనగా స్పిన్ వాల్వు వ్యాసం అచ్చయిన మరుసటి సంవత్సరానిది. ఆ రెండేండ్లలో పొరల గురించి ప్రపంచానికి ఏమి తెలుసు, సామాన్య నిపుణునికి ఏమి తోచి ఉండేది అన్న విచారణ పదహారేండ్ల తరువాత, ఆ శీర్షాలు కోట్ల సంఖ్యలో అమ్ముడుపోయిన లోకంలో, భౌతికశాస్త్రం వృత్తి కాని జ్యూరీ సభ్యుల ఎదుట జరిగినది. 2008లో జ్యూరీ ఆ పేటెంటు చెల్లదన్నది. తీర్పు మంచిచెడ్డల జోలికి మేము పోవడం లేదు. కాని విడుపు తెలిసిన పొడుపు కథను తెలియనట్లుగా భావించి తీర్పు చెప్పమనడం ఎంత కఠినమైన పనియో ఈ వ్యాజ్యంలో తెలుస్తున్నది.

ఆవిష్కర్త పక్షాన పనిచేసే "ఎవరూ ఊహించలేదు" అన్న వాదానికి రెండవ వైపు కూడా పదునున్నది. దానిని చూపే కథ మరొకటి ఉన్నది. నడుమ లోహానికి బదులు విద్యుత్తును పోనివ్వని పొరను అతి పలుచగా పెడితే ఎలక్ట్రానులు దాని గుండా "సొరంగం" చేసుకొని పోతవి. ఈ మార్గంలో నిరోధపు మార్పును 1975లో ఫ్రాన్సుకు చెందిన జులియేర్ ద్రవ హీలియం చలిలో చూపినాడు. గది ఉష్ణోగ్రత వద్ద గట్టి ఫలితం రావడానికి ఇరవై ఏండ్లు పట్టినది. 1995లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జగదీశ్ మూదెర బృందం అల్యూమినియం ఆక్సైడు పొరతో 11.8 శాతం మార్పును సాధించినది. మూదెర భారతదేశంలో చదువుకొని అక్కడికి వెళ్ళిన శాస్త్రజ్ఞుడు. అదే సంవత్సరం జపానులో మియజాకి, తెజుకా కూడా ఇటువంటి ఫలితాన్నే ప్రకటించినారు. ఎం.ఐ.టి. పేటెంటులో హక్కును ఇట్లా కోరినారు: గది ఉష్ణోగ్రత వద్ద కనీసం 10 శాతం మార్పు నిచ్చే సంధి ఏదైనా మాదే. కనీసం అన్నారు గాని గరిష్ఠం ఎంతో చెప్పలేదు.

తరువాతి కథ అల్యూమినియం ఆక్సైడును దాటిపోయినది. నడుమ మెగ్నీషియం ఆక్సైడు స్ఫటికం ఉంటే మార్పు అపారంగా ఉంటుందని 2001లో సిద్ధాంతవేత్తలు లెక్కగట్టినారు. 2004లో పార్కిన్, జపానులో యువాసా దానిని ప్రయోగంలో నిరూపించినారు. 2008 నాటికి జపాను శాస్త్రజ్ఞులు 604 శాతాన్ని అందుకొన్నారు. ఎం.ఐ.టి. నుండి హక్కు పొందిన మాగ్‌సిల్ సంస్థ డిస్కుల తయారీదారైన హిటాచీ అనుబంధ సంస్థపై దావా వేసినది. 2012 ఆగస్టులో అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టు మాగ్‌సిల్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పినది. కారణం ఆ సంధి తేటతెల్లం అని కాదు. 1995 నాటి దస్తావేజు 11.8 శాతం దాకా ఎట్లా చేయాలో మాత్రమే నేర్పినది. 604 శాతం దాకా పోవడానికి లోకానికి పదమూడేండ్ల అదనపు పరిశోధన కావలసి వచ్చినది. నేర్పనిదానిపై హక్కు చెల్లదు. ఎకరం దున్నినవాడు ఊరి పొలమంతటికీ పట్టా అడిగినట్లయినదన్న మాట.

ఈ రెండు వ్యాజ్యాలనూ కలిపి చూస్తే ఒక ఇరుకైన దారి కనబడుతుంది. పొరల ఫలితాలు ఊహకు అందేవి అని ఒప్పుకొంటే ఆవిష్కరణ తేటతెల్లం అయిపోయి పేటెంటు పోతుంది. అవి ఊహకు అందనివి అని వాదిస్తే, తాను స్వయంగా ఊహించని పెద్ద ఫలితాలపై ఆవిష్కర్తకు హక్కు ఎట్లా వస్తుందన్న ప్రశ్న ఎదురవుతుంది. హక్కును విశాలంగా కోరినవాడు ఈ రెండింటిలో ఒకదానికి బలి అవుతాడు. ఈ లోహం, ఈ మందం, ఈ క్రమం, ఈ ఫలితం అని కొలిచి చెప్పినవానికే నిలకడ ఎక్కువ. కాని అంత ఇరుకైన హక్కును పోటీదారు లోహం కొద్దిగా మార్చి తప్పించుకొనగలడు. మెగ్నీషియం ఆక్సైడు విషయంలో మరొక చిక్కు ఉన్నది. 2001 నాటి లెక్కలు చదివిన వానికి 2004 నాటి ప్రయోగం తేటతెల్లమా? సిద్ధాంతం ఆశ చూపినది నిజమే. కాని ఆ ఆశ సఫలమవుతుందని నమ్మడానికి సహేతుకమైన ఆధారం కూడా ఉండాలని న్యాయస్థానాలు అడుగుతవి. అల్యూమినియం ఆక్సైడుతో అందరూ ఏండ్ల తరబడి పడిన పాట్లు చూసినవానికి, కాగితం మీది లెక్క ఆ నమ్మకాన్ని ఇచ్చి ఉండదని మేము అనుకొంటున్నాము.

మన దేశం సంగతి చూద్దాము. మన సుప్రీంకోర్టు 1978 డిసెంబరులో విశ్వనాథ ప్రసాద్ రాధేశ్యామ్ వర్సెస్ హిందుస్తాన్ మెటల్ ఇండస్ట్రీస్ కేసులో ఈ ప్రశ్నను విచారించినది. మీర్జాపూరు పాత్రల పరిశ్రమలో, పాత్రలను లేతు యంత్రం మీద పట్టి నునుపు చేసే సాధనం గురించిన తగవు అది. తెలిసిన భాగాలను కొద్దిగా మార్చి కూర్చడం కార్ఖానాలో జరిగే మామూలు మెరుగుదలయే గాని ఆవిష్కరణ కాదని కోర్టు ఆ పేటెంటును కొట్టివేసినది. ఇత్తడి చెంబుల గురించి చెప్పిన ఆ తీర్పును, నానోమీటరు పొరల కాలంలో కూడా మన న్యాయస్థానాలు ఉదాహరిస్తూనే ఉన్నవి.

1970 నాటి మన పేటెంటు చట్టానికి 2002లోనూ, 2005లోనూ జరిగిన సవరణల వల్ల ఆవిష్కరణపు మెట్టు అంటే ఏమిటో నిర్వచనం వచ్చినది. ఉన్న పరిజ్ఞానంతో పోల్చినప్పుడు సాంకేతికమైన ముందంజ గాని, ఆర్థిక ప్రాముఖ్యం గాని, రెండూ గాని ఉండాలి. నిపుణునికి తేటతెల్లం కారాదు. దీనికి తోడు మూడవ సెక్షన్‌లో రెండు ఆటంకాలున్నవి. శాస్త్ర సూత్రాన్ని కనుగొనడం మాత్రమే ఆవిష్కరణ కాదు. కనుక పొరల నడుమ నిరోధం మారుతుందన్న సత్యానికి పేటెంటు లేదు, దానిని పనికి పెట్టిన సాధనానికే ఉన్నది. రెండవ ఆటంకం మన విషయానికి మరీ దగ్గరిది. తెలిసిన సాధనాలను పక్కపక్కన అమర్చి, ఒక్కొక్కటీ దేని పని అది తెలిసిన తీరులోనే చేసుకొంటూ ఉంటే, ఆ అమరిక ఆవిష్కరణ కాదని చట్టం అంటుంది.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల వారి దరఖాస్తులు చెన్నైలోని పేటెంటు కార్యాలయానికి పోతవి. అక్కడి పరీక్షకుని ముందుకు పొరల సెన్సారు దరఖాస్తు ఒకటి వచ్చినదనుకొందాము. రాగి, కోబాల్టు, రుథీనియం అన్నీ తెలిసినవేనని, ఇది పక్కపక్కన పేర్చిన అమరిక మాత్రమేనని ఆయన మొదటి ఆక్షేపణ రాయవచ్చును. దానికి సమాధానం పదార్థంలోనే ఉన్నది. రుథీనియం ఒంటరిగా అయస్కాంతం కాదు, సెన్సారూ కాదు. దానిని తీసివేస్తే రెండు కోబాల్టు పొరలూ కలిసి ఒకే మందమైన అయస్కాంతమై స్వేచ్ఛగా ఉన్న పొరను పక్కకు లాగుతవి. దాని మందాన్ని నానోమీటరులో కొద్ది వంతు పెంచినా కోబాల్టు పొరల దిశలు తారుమారై పని చెడుతుంది. ఇక్కడ ఏ పొరా తన పని తాను విడిగా చేసుకొనడం లేదు. ఈ సంగతిని దరఖాస్తుదారు మాటలతో చెబితే చాలదు. ఆ పొర ఉన్నప్పుడు ఎంత, లేనప్పుడు ఎంత, మందం మారినప్పుడు ఎంత అని ప్రయోగశాలలో కొలిచిన నిరోధపు అంకెల పట్టికను దరఖాస్తు దాఖలు చేసేనాడే దస్తావేజులో చేర్చి ఉండాలి. తరువాత తెచ్చి పెట్టిన అంకెలతో దస్తావేజు పరిధిని పెంచడానికి మన చట్టం కూడా ఒప్పుకొనదు.